డాలస్ వైపు ఇల్లు కొన్నారా? నెత్తి మీద షింగిల్స్ సంగతి కాస్త తెలుసుకోండి

మన ఊళ్లో శ్లాబ్ ఒకసారి పోశాక మళ్లీ అది గుర్తొచ్చేది వడియాలు పెట్టేటప్పుడే. ఇక్కడ ఫ్రిస్కోలో ఇల్లు కొన్న రెండో ఏడే వడగళ్లు పడ్డాయి, మర్నాడు పొద్దున్నే ఒకాయన తలుపు కొట్టి "మీ రూఫ్ పోయింది, ఇన్సూరెన్స్‌లో ఫ్రీగా మార్పిస్తా" అన్నాడు, నాకేమో అప్పటికి షింగిల్ అంటే ఏంటో కూడా తెలీదు.

ఏం లేదండీ, ఫైబర్‌గ్లాస్ షీటుకి తారు పట్టించి పైన సన్నటి రాతి నలుసులు అద్దుతారు, అదే షింగిల్. గ్రాన్యూల్స్ అనే ఆ నలుసులు రంగు కోసమే అనుకున్నా నేను, కాదు, ఎండ తారుకి తగలకుండా అడ్డుపడేవి అవే, అవి రాలిన చోట తారు ఎండి పెళుసెక్కి పగులుతుంది. అందుకే రూఫ్ ఎక్కక్కర్లేదు, వాన వెలిశాక గట్టర్ (రూఫ్ అంచున వాన నీళ్లు పట్టే తొట్టె) పైపు కింద చూడండి. కొత్త రూఫ్‌కి మొదట్లో కొంచెం రాలడం మామూలే, పాతదానికి మాత్రం గుప్పెళ్లకొద్దీ నల్ల ఇసుకలా పోగవుతుంటే దాని పని అయిపోవస్తున్నట్టే. వడగళ్ల దెబ్బ అయితే వేలితో నొక్కితే దెబ్బ తిన్న జామపండులా మెత్తగా ఉంటుంది, కింద నుంచి చూసేవాళ్లకి గట్టర్ల మీద, గాలి పోయేందుకు రూఫ్ మీద పెట్టే రేకు వెంట్ల మీద సొట్టలే మొదటి గుర్తు.

ఇంకో సంగతి, లీక్ అనగానే షింగిల్స్‌ని తిట్టేస్తాం. మా బాత్రూమ్ సీలింగ్ మీద టీ ఒలికినట్టు మరక వస్తే టార్చ్ పట్టుకుని ఆటిక్‌లోకి, అంటే సీలింగ్‌కీ రూఫ్‌కీ మధ్య ఖాళీలోకి, వెళ్లి చూశా, షింగిల్స్ వైపు నుంచి తడేమీ లేదు, రూఫ్‌లోంచి పైకి పోయే పైపు చుట్టూ ఉండే రబ్బరు బూట్ (తొడుగు) చీలింది, అంతే. గోడకీ చిమ్నీకీ రూఫ్ కలిసే చోట వేసే రేకు, అదే ఫ్లాషింగ్, అక్కడా ఇదే గొడవ.

కొటేషన్‌లో స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు, దానికి మామూలుగా మూడు బండిల్స్ (షింగిల్ కట్టలు) పడతాయి. పల్చటి త్రీ-ట్యాబ్ కంటే రెండు పొరల ఆర్కిటెక్చరల్ రకం తీసుకోండి, ఆ తేడా డబ్బు పెట్టొచ్చు. వీలైతే దెబ్బ తట్టుకోవడంలో పై రేటింగ్ అయిన క్లాస్ 4 అడగండి, రెండంగుళాల ఉక్కు గుండుని 20 అడుగుల ఎత్తు నుంచి వేసి టెస్ట్ చేస్తారు దాన్ని, టెక్సాస్‌లో చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం కూడా తగ్గిస్తాయి. అయితే వడగళ్లు తగలవని కాదు, పగలడం తక్కువ, అంతే. పాత షింగిల్స్ పీకేస్తారా, ఫ్లాషింగ్ కొత్తది వేస్తారా, షింగిల్‌కి నాలుగు మేకులా ఆరా, ఇవి కాగితం మీద రాయించుకోండి.

ఇక ఆ "ఫ్రీ" సంగతి. ఇంటికి 5 లక్షల డాలర్ల కవరేజ్ ఉండి వడగళ్ల డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందు మనం భరించాల్సిన వాటా) 2 శాతం అయితే మీ జేబులోంచి పోయేది 10 వేల డాలర్లు. రూఫర్ దాన్ని మాఫీ చేస్తాననడం 2019 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో నేరం. పైగా ఈ రాష్ట్రంలో రూఫర్లకి స్టేట్ లైసెన్సే లేదు, కాబట్టి లోకల్ అడ్రస్, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ మీరే అడిగి చూసుకోవాలి. మా తలుపు కొట్టినాయన "చెక్ చేయడానికి పర్మిషనే సార్" అని సంతకానికి ట్యాబ్లెట్ స్క్రీన్ చేతికిచ్చాడు, మా ఆవిడ కిందికి స్క్రోల్ చేస్తే క్లెయిమ్ పాసైతే పని వాళ్లకే ఇవ్వాలని సన్న అక్షరాల్లో ఉంది.