బూడిద 38 శాతం వస్తే బొగ్గులో ఖనిజాలు 38 శాతం కాదు: లెక్క ఇలా కట్టండి

భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి వైపు పిల్లలు కెమిస్ట్రీ ప్రాజెక్టుకి మన బొగ్గునే తీసుకుంటే నాకు చాలా సంతోషం. కానీ బూడిద ఎంత వస్తే ఖనిజాలు అంతే ఉన్నాయని రాసేస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది. బూడిద అంటే కాలాక మిగిలింది మాత్రమే. బొగ్గులో అసలు ఉండేది కెయోలినైట్ లాంటి బంకమట్టి, క్వార్ట్జ్, కొంచెం పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం), కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్), సిడరైట్ (ఇనుము కార్బొనేట్). కాల్చేటప్పుడు కెయోలినైట్‌లోంచి 14 శాతం దాకా నీరు పోతుంది, కాల్సైట్‌లోంచి 44 శాతం కార్బన్ డయాక్సైడ్ పోతుంది, పైరైట్‌లో గంధకం గాలిలో కలిసి ఇనుము ఆక్సైడ్ మిగులుతుంది.

ముందు శాంపిల్. ఇక్కడ చేసిన తప్పుని తర్వాత ఏ మిషనూ సరిచేయలేదు. రుబ్బేటప్పుడు గట్టిగా తగిలే రాయి ముక్కల్ని చాలామంది ఏరి పక్కన పడేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, మీరు వెతుకుతున్న ఖనిజం ఎక్కువగా ఉండేది ఆ ముక్కల్లోనే. మొత్తం నలగ్గొట్టి, కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని, మళ్ళీ అలాగే చేస్తూ తగ్గించండి. చివర్లో 212 మైక్రాన్ల జల్లెడ దాటేంత పొడి కావాలి.

1 గ్రాము పొడిని పలుచగా పరిచి చల్లటి ఫర్నేస్‌లో పెట్టి, అరగంటలో 500 డిగ్రీలకు, ఇంకో అరగంట నుంచి గంటలోపు 815కి తీసుకెళ్ళి అక్కడ ఒక గంట ఉంచండి. టైమ్ లేదని నేరుగా వేడి ఫర్నేస్‌లో పెట్టకండి. నెమ్మదిగా వేడెక్కితే పైరైట్ గంధకం ముందే బయటికి పోతుంది, తొందరపడితే అది కాల్సైట్ నుంచి వచ్చిన సున్నంతో కలిసి సల్ఫేట్‌గా బూడిదలోనే చిక్కుకుని తూకం పెంచేస్తుంది. ఎర్రటి బూడిద వస్తే ఇనుము ఎక్కువుందని ఒక అంచనాకి రావచ్చు, అంతకుమించి రంగుని నమ్మకండి.

ఇప్పుడు ఖనిజ పదార్థం. బూడిద నుంచి ఖనిజ పదార్థాన్ని అంచనా వేసే పార్ సూత్రం ప్రకారం బూడిద శాతాన్ని 1.08తో, గంధకం శాతాన్ని 0.55తో గుణించి కలపాలి. బూడిద 38, గంధకం 0.5 అనుకుంటే 41.3 వస్తుంది. ఏ బొగ్గుకైనా ఇది అంచనానే, కార్బొనేట్లు ఎక్కువున్న బొగ్గుకి ఇంకా తేడా వస్తుంది. తేమతో కలిపి చెప్తున్నారా, తేమ తీసేశాక చెప్తున్నారా అన్నది అంకె పక్కనే రాయండి.

బూడిదకి చేయించిన ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-రేలతో మూలకాల్ని కొలిచే పరీక్ష) రిపోర్టులో సిలికా, అల్యూమినా, ఐరన్ ఆక్సైడ్ అని కనిపిస్తాయి కదా, బొగ్గులో అవి ఆ రూపంలోనే ఉన్నాయని కాదు, మూలకాల్ని అలా రాయడం పద్ధతి, అంతే. కెయోలినైట్‌లో సిలికా, అల్యూమినాల బరువు నిష్పత్తి 1.18. అంటే బూడిదలో అల్యూమినా 27, సిలికా 60 ఉంటే బంకమట్టికి సుమారు 32 పోను మిగిలిన 28 దాదాపు క్వార్ట్జ్. పొటాషియం ఎక్కువుంటే ఇల్లైట్ అనే ఇంకో బంకమట్టి ఖనిజం కూడా ఉండొచ్చు, అప్పుడు ఈ లెక్క కొంచెం మారుతుంది.

ఖాయం చేసుకోవాలంటే ఎక్స్‌ఆర్‌డీ (ఏ ఖనిజమో ఎక్స్-రేలతో గుర్తించే పరీక్ష) చేయించండి, అయితే బూడిద కాదు, పచ్చి బొగ్గు పొడినే ఇవ్వండి. కెయోలినైట్ 500 డిగ్రీలు దాటాక విరిగిపోతుంది, ఇక బూడిదలో కనిపించదు. రాగి ఎక్స్-రే ట్యూబ్ ఉన్న మిషన్ ఇచ్చే గ్రాఫ్‌లో 12.4 డిగ్రీల కోణం (2θ) దగ్గర కెయోలినైట్ గీత, 26.6 దగ్గర క్వార్ట్జ్ గీత వెతకండి.