గామా కెమెరాలో చుక్క రావడం లేదా? ముందు పొటాషియం పీక్ చూడండి

రామగుండం, కరీంనగర్ వైపు సైట్లకు గామా-న్యూట్రాన్ కెమెరాలు (రేడియేషన్ వచ్చే వస్తువు, అంటే సోర్సు, ఎక్కడుందో మామూలు ఫొటో మీద చుక్కగా చూపించేవి) తీసుకెళ్లేవాళ్లు ఎండాకాలంలో ఫోన్ చేసి చెప్పేది దాదాపు ఒకటే మాట: "కౌంట్లు వస్తున్నాయి సార్, బొమ్మ మాత్రం రావడం లేదు." కౌంట్లంటే డిటెక్టర్ పట్టిన రేడియేషన్ లెక్క. నేను అడిగేదీ ఒకటే. బ్యాక్‌గ్రౌండ్ స్పెక్ట్రమ్ (చుట్టూ సహజంగా ఉండే రేడియేషన్‌లో ఏ ఎనర్జీకి ఎన్ని కౌంట్లో చూపే గ్రాఫ్) తెరిచి చూశారా? చూసి ఉండరు. డిటెక్టర్ పోయిందనుకుని పెట్టె కట్టి సర్వీసుకు పంపేస్తారు. పది నిమిషాల పని అది, దయచేసి వదిలేయకండి.

కౌంట్ రేటు బాగుంది, బొమ్మలో చుక్క లేదు

చాలాసార్లు కారణం వేడి. కెమెరా అన్ని కౌంట్లతో బొమ్మ గీయదు, మీరు పెట్టిన ఎనర్జీ విండోలో (ఇంత నుంచి ఇంత వరకు అని ఎంచుకున్న హద్దులో) పడినవాటితోనే గీస్తుంది. సీజియం-137కు అది 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ ఉంటుంది. డిటెక్టర్‌లో గామా తగిలితే క్రిస్టల్ వెలుగు ఇస్తుంది, దాన్ని సిగ్నల్‌గా మార్చి పెంచేది సిలికాన్ ఫోటోమల్టిప్లయర్. అది వేడెక్కితే గెయిన్, అంటే పెంచే మోతాదు, తగ్గి పీక్ (గ్రాఫ్‌లోని శిఖరం) తక్కువ ఎనర్జీ వైపు జారుతుంది. పది శాతం జారినా 662లో ఉండాల్సింది 596 దగ్గరికి వచ్చి విండో బయట పడుతుంది.

"టెంపరేచర్ కంపెన్సేషన్ ఉంది కదా" అంటారు. నేనూ అలాగే నమ్మి దెబ్బతిన్నాను. ఒక మే నెలలో ఒక ప్లాంటుకు బొగ్గు బంకరు లెవల్ గేజ్ (రేడియేషన్ సోర్సుతో బొగ్గు మట్టం కొలిచే పరికరం) చూడటానికి వెళ్లాం. కెమెరాను ఏసీ కారులోంచి తీసి నేరుగా ఎండలో స్టాండు మీద పెట్టాం. చేతిలో పట్టుకుని రేడియేషన్ కొలిచే సర్వే మీటరేమో సోర్సు ఉందంటోంది, కెమెరా లేదంటోంది. సోర్సు హోల్డర్‌లోంచి జారిపోయిందేమోనని అందరికీ టెన్షన్. పని ఆపించి, మనుషుల్ని దూరం పంపి, మధ్యాహ్నమంతా వెతికాం. పొద్దుగూకాక అదే చోట, అదే సెట్టింగుతో చుక్క సరిగ్గా గేజ్ మీదే వచ్చింది.

జరిగింది ఇది. టెంపరేచర్ సెన్సర్ బోర్డు మీద ఉంటుంది. బోర్డు నిమిషాల్లో వేడెక్కుతుంది, లోపలి క్రిస్టల్ నిదానంగా వేడెక్కుతుంది. క్రిస్టల్ ఇచ్చే వెలుగు కూడా వేడిని బట్టి మారుతుంది, కానీ పరికరం బోర్డు చెప్పిన డిగ్రీలకే సర్దుకుంటుంది. పైగా ఒకవైపే ఎండ పడితే ఆ వైపు పిక్సెళ్లు ఎక్కువ జారతాయి, నీడలోవి తక్కువ జారతాయి. కోడెడ్ మాస్క్ (డిటెక్టర్ ముందుండే రంధ్రాల పలక) వేసే నీడ అప్పుడు లెక్కకు సరిపోదు, బొమ్మ చెదిరిపోతుంది.

కాబట్టి నీడలో పెట్టి, ఆన్ చేసి, కనీసం గంట వదిలేయండి. తర్వాత పొటాషియం-40 పీక్ 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉందో లేదో చూడండి. దీనికి మన దగ్గర సోర్సు కోసం వెతకాల్సిన పని లేదు. కరీంనగర్, హనుమకొండ గ్రానైట్‌లోనే పొటాషియం ఉంది. ఇంకా త్వరగా కావాలంటే ఎరువుల షాపులో దొరికే పొటాష్, అదే పత్తికి వేసే ఎంఓపీ, ఐదు కిలోలు తెచ్చుకోండి. కిలోకు సుమారు 15 వేల బెక్వెరెల్, అంటే సెకనుకు అన్ని అణువిచ్ఛిన్నాలు, ఉంటుంది. సంచిని కెమెరా ముందు ఆనించి పది నిమిషాలు ఉంచితే చాలు. పీక్ జారి ఉంటే గెయిన్ సరిచేసి మళ్లీ చూడండి. ఎండలో పని సాగుతున్నంతసేపూ అరగంటకోసారి చూడాల్సిందే. ఈ లోపు సర్వే మీటర్ చెప్పేదే నమ్మండి. కెమెరాలో చుక్క లేదని ఎవరినీ దగ్గరికి పంపకండి.

సీజెడ్‌టీ (కాడ్మియం జింక్ టెల్యూరైడ్ అనే సెమీకండక్టర్) కెమెరాలో ఫోటోమల్టిప్లయర్ ఉండదు. వేడికి దాంట్లో లీకేజీ కరెంటు పెరిగి పీక్ వెడల్పవుతుంది. దానికీ నీడే మందు.

న్యూట్రాన్ సోర్సు లేనిచోట న్యూట్రాన్లు చూపిస్తోంది

ఇక్కడ కూడా మొదట వేడినే అనుమానించండి. నాయిస్ పెరిగితే చిన్న గామా పల్సులు న్యూట్రాన్ల వైపు పడతాయి. చల్లబరిచి, కింది థ్రెషోల్డ్ (ఇంతకన్నా చిన్న పల్సులను వదిలేయమనే హద్దు) కొంచెం పెంచండి. అప్పటికీ తగ్గకపోతే అది పైలప్. వెల్డింగ్ రేడియోగ్రఫీ ఇరిడియం-192 దగ్గర ఇది మామూలే. రెండు గామా పల్సులు కలిసిపోయి న్యూట్రాన్‌లా కనిపిస్తాయి. వెనక్కి జరగండి. దూరం రెట్టింపైతే రేటు నాలుగో వంతుకు పడుతుంది, ఆ న్యూట్రాన్లు అంతకన్నా వేగంగా పోతాయి.

చుక్క పక్కకు జరిగింది, లేదా రెండు చుక్కలు

పక్కకు జరిగితే దూరం సెట్టింగ్ తప్పు. ఫొటో తీసే మామూలు కెమెరా లెన్సు, డిటెక్టరు ఒకే చోట ఉండవు, దగ్గరి వస్తువులకు ఆ తేడా బయటపడుతుంది. రెండు చుక్కలు వస్తే, మాస్క్ తిప్పే వీలున్న కెమెరాలో 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. రెండింటినీ కలిపి చూస్తే అసలు చుక్క నిలుస్తుంది.

క్రిస్టల్‌కు తేమ పట్టి పసుపుబారడం, కేబుల్ తెగడం, బోర్డు పోవడం అరుదు. అవే అయితే సర్వీసుకు పంపండి. కేసింగ్ మాత్రం మీరు విప్పకండి, సోడియం అయొడైడ్ గాలి తగిలితేనే తేమ పీల్చుకుంటుంది.