త్రీనాట్‌త్రీ పుట్టుక ఎక్కడో కనిపెట్టడం ఎలా

మా తాతయ్య పోలీసు కానిస్టేబులు. బ్రిటిష్ కాలపు .303 బోరు (గొట్టం లోపలి కొలత) రైఫిల్ ఆయన నోట ఎప్పుడూ త్రీనాట్‌త్రీనే. దాని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్ అని నేను డాలస్ వచ్చాకే విన్నాను. మన దేశంలో ఈ బోరు మామూలు జనానికి నిషేధం. అమెరికాలో కూడా హెచ్1బీ మీద ఉన్నవాళ్లు సాధారణంగా తుపాకీ ఉంచుకోకూడదు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగి కొన్నాను. యాభై ఏళ్లు దాటిన తుపాకులు సేకరించేవాళ్లకు ఇక్కడ విడిగా లైసెన్సు ఉంది, మూడేళ్లకు 30 డాలర్లు.

తుపాకీ చేతికి రాగానే మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీసి, బోల్టు (తూటాను లోపలికి తోసే కడ్డీ) వెనక్కి లాగి, ఛాంబరు (తూటా కూర్చునే గది) ఖాళీయేనా అని కళ్లతో, వేలితో చూడండి. అమ్మేవాడు ఖాళీ అని చెప్పినా సరే.

తర్వాత టార్చి పట్టుకోండి. బోల్టు పిడి దిగే చోట, వెనక చెక్కకు ముందు ఒక ఇనుప పట్టీ ఉంటుంది. అదే బట్ సాకెట్. దాని కుడి వైపున కిరీటం, రాజు పొడి అక్షరాలు, ఫ్యాక్టరీ, సంవత్సరం, మోడల్ వరసగా కొట్టి ఉంటాయి. బీఎస్ఏ అంటే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్, లిత్‌గో అంటే ఆస్ట్రేలియా. జీఆర్ (జార్జి రాజు) పక్కన చక్రవర్తి అని చెప్పే ఐ కూడా ఉంటే అది బెంగాల్‌లోని మన ఇషాపూర్‌ది, ఎందుకంటే మన దేశానికి జార్జి చక్రవర్తి కూడా. స్వతంత్రం తర్వాత వాటిలో కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి.

నా మొదటి తుపాకీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో జరిగిన సోమ్ పోరులో పోరాడిందని అమ్మినాయన చెప్పాడు. నమ్మి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే సాకెట్ మీద 1918. సోమ్ 1916 నవంబరులోనే ముగిసింది. బోల్టు నంబరు కూడా కలవలేదు. అందుకే డబ్బివ్వక ముందే రిసీవరు (బోల్టు కదిలే ఇనుప భాగం), బోల్టు పిడి వెనక, ముక్కు టోపీ (గొట్టం చివరి ఇనుప తొడుగు), వెనక సైటు ఆకు (గురి చూసే పలక) కింద ఉన్న నంబర్లు నాలుగూ పక్కపక్కన రాసుకోండి.

ఎఫ్‌టీఆర్ అని, పక్కన ఏడాది కనిపిస్తే ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి బాగు చేశారన్న మాట. దీన్ని లోపమని ధర తగ్గించేవాళ్లున్నారు. నాకు మాత్రం అలాంటివే ఇష్టం, ఒకే తుపాకీకి రెండు జీవితాలు. ముందు చెక్కలోంచి అడ్డంగా ఒక స్క్రూ దూరి ఉంటే దాన్ని ఇషాపూర్ స్క్రూ అంటారు. బర్మింగ్‌హామ్ ముద్ర ఉన్న తుపాకీకి ఆ స్క్రూ కనిపిస్తే, అది మన దేశంలో పనిచేసిందని దాదాపు ఖాయం.

ఇషాపూర్ తర్వాత చేసిన 2ఏ, 2ఏ1 మోడళ్లు చూడటానికి దాదాపు పాతదానిలాగే ఉంటాయి, కానీ తూటా 7.62 మిల్లీమీటర్లది. త్రీనాట్‌త్రీ తూటా దాంట్లో పెట్టకూడదు, దాని తూటా దీంట్లో పెట్టకూడదు.

చెక్కకు గరుకు కాగితం తగలనివ్వకండి. పొడిగుడ్డతో తుడిచి, పచ్చి అవిసె నూనె కొద్దిగా రాస్తే చాలు. గరుకు కాగితంతో రుద్దితే బట్ (వెనక చెక్క) మీద గుద్దిన చిన్న అంకెలు పోతాయి. కోత్ (పోలీసుల ఆయుధాల గది) లోంచి తుపాకీ ఇచ్చేది ఆ బట్ నంబరు చూసే. తాతయ్యకు తనది 214 అని చివరిదాకా గుర్తుంది. ఏ ఇషాపూర్ తుపాకీ చూసినా ఆ అంకె కోసం కూడా వెతుకుతాను.