యాభై టీషర్టులు, ఒకే డిజైన్: తెలుగు అక్షరంతో తొలి డ్రాప్ వేయాలంటే

బ్రాండ్ పేరు, లోగో, వెబ్‌సైట్, ఇన్‌స్టా పేజీ రంగులు... వీటి మీదే నెలలు గడిపేసి ఒక్క టీషర్టు కూడా బయటికి తీసుకురాని గ్యాంగులు హైదరాబాద్‌లో బోలెడు. అందుకే నేను వరస మార్చి చెబుతాను. ముందు ఒక మాట, ఆ మాటకు మంచి అక్షరం, ఆ అక్షరాన్ని మోయగల బట్ట. పేరు, లోగో ఆ తర్వాత చూసుకోవచ్చు. తొలి డ్రాప్, అంటే ఒకేసారి అమ్మకానికి వదిలే సరుకు, 50 పీసులు, ఒకే డిజైన్, బట్ట ఒకే రంగు, ఇంకు ఒకే రంగు. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే తొలిసారే చేతులు కాలతాయి, మరీ తక్కువైతే స్క్రీన్ ప్రింటర్, అంటే జాలీ ఫ్రేమ్‌తో బట్ట మీద ఇంకు వేసేవాడు, మీ ఫోన్ ఎత్తడు.

మాట మీ నోట్లో ఆడేదై ఉండాలి. మీ బస్తీలో, క్యాంటీన్‌లో, క్రికెట్ గ్రౌండ్‌లో రోజూ వినబడేది. జర ఆగు, మస్తు, లైట్ తీస్కో, ఇలాంటివి. గోదావరి జిల్లాల వాళ్లకు ఆయ్ చాలు, సీమ పిల్లలకు ఏమప్పా చాలు. ఆ టీషర్టు వేసుకున్న వాణ్ని చూసి ముక్కూమొహం తెలియని మనిషి కూడా నవ్వాలి, లేదంటే ఏదో ఒకటి అనాలి, అదే పరీక్ష. హజిల్, గ్రైండ్ అని ఇంగ్లీషులో రాసుకుంటే ఎవరూ ఏమీ అనరు, అవి కోఠి ఫుట్‌పాత్ మీద గుట్టలుగా దొరుకుతాయి. బూతులు మాత్రం వద్దు. లైకులు వస్తాయేమో గానీ, అమ్మ ముందు వేసుకోలేని టీషర్టు కొన్నవాడు రెండోది కొనడు.

సినిమా డైలాగుల జోలికీ వెళ్లకండి. హీరో బొమ్మ అయితే అసలే వద్దు. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, అనుమతి లేకుండా తన పేరు, బొమ్మ వాడకుండా ఉత్తర్వు తెచ్చుకున్నారు, ఆ దారిలో ఇంకా చాలామంది నడుస్తున్నారు. ఇక్కడ ఎవరో ఒకరు డాపర్ డాన్ పేరు ఎత్తుతారు, హిప్ హాప్‌లో లోగోలు లేపేయడం సంప్రదాయమే కదా బ్రో అని. నిజమే, 1982లో న్యూయార్క్ హార్లెంలో షాపు తెరిచి పెద్ద ఫ్యాషన్ కంపెనీల లోగోలతో రాపర్లకు జాకెట్లు కుట్టిచ్చాడాయన. అయితే ఆ కంపెనీల కేసుల దెబ్బకు 1992లో ఆ షాపు మూతపడింది. 2017లో గుచ్చీ ఆయన పాత జాకెట్‌ను పోలిన డిజైన్ చేసి తిట్లు తిన్నాక, ఆయనతోనే చేతులు కలిపింది. మధ్యలో గడిచిన పాతికేళ్లు మీ దగ్గర ఉంటే మీ ఇష్టం.

ఇక అక్షరం. ఈ మొత్తం పనిలో మీ సమయం సగం ఇక్కడే పోవాలి, పోయినా నష్టం లేదు. రెండు దారులున్నాయి. మొదటిది ఫాంట్. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, ధూర్జటి, సురవరం, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి కాబట్టి వాటితో డిజైన్ చేసి టీషర్టు మీద వేసి అమ్ముకోవచ్చు. రామభద్ర లావుగా ఉంటుంది, దూరానికి కనిపిస్తుంది. కానీ ఫాంట్‌ను ఉన్నదున్నట్టు దించేస్తే ఫ్లెక్సీ బ్యానర్‌లా కనిపిస్తుంది, కాబట్టి అక్షరాల మధ్య ఎడం తగ్గించి, తలకట్లు ఒకదానికొకటి తగిలేలా చేసి, ఎక్కడో ఒకచోట మీ చెయ్యి పడాలి.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం. బోర్డులు, ఆటోల వెనక రాతలు రాసే పెయింటర్లు మీ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఫ్లెక్సీ వచ్చాక పని తగ్గింది గానీ చెయ్యి పోలేదు. ఒకాయన్ని పట్టుకుని, మీ మాటను డ్రాయింగ్ షీట్ మీద నాలుగైదు రకాలుగా రాయించుకోండి. రాసినందుకు డబ్బులివ్వండి, తర్వాత పోస్టులో పేరు వేయవచ్చా అని అడిగి వేయండి. ఆ బ్రష్ వంపు ఏ ఫాంట్‌లోనూ రాదు. షీట్‌ను పగటి వెలుతురులో, నీడ పడకుండా స్కాన్ చేసి వెక్టర్‌గా, అంటే ఎంత పెంచినా చెదరని గీతల ఫైల్‌గా మార్చుకుంటే పని అయిపోయినట్టే. బాపు గారి చేతిరాతలా రాయించుదాం అనే ఆలోచన మాత్రం మానేయండి, ఆ రాత ఎవరిదో తెలియని తెలుగువాడు లేడు.

ఫైల్ దగ్గరే చాలామంది దెబ్బ తింటారు, కాబట్టి ఇది కాస్త నెమ్మదిగా చదవండి. మస్తు తీసుకుందాం. స కింద త ఒత్తు రావాలి, పక్కన ఉకారం కొమ్ము రావాలి. సెట్టింగ్స్ సరిగ్గా లేని సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేస్తే ఒత్తు ఊడి పక్కకొచ్చి మస్‌తు అని కూర్చుంటుంది. ఇంటర్నెట్లో అందరూ నవ్వుకునే టీషర్టులు ఇలాగే పుడతాయి. అడోబీ వాడేవాళ్లు టైప్ సెట్టింగ్స్‌లో భారతీయ భాషల ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, వెర్షన్‌ను బట్టి దాని పేరు మారుతుంది. డబ్బులు పెట్టలేకపోతే ఇంక్‌స్కేప్ ఉచితమే, తెలుగు చక్కగా పడుతుంది. టైప్ చేశాక అక్షరాలను అవుట్‌లైన్‌గా, అంటే మామూలు గీతలుగా మార్చేసి పీడీఎఫ్ ఇవ్వండి. టెక్స్ట్‌ను టెక్స్ట్‌గానే పంపితే ప్రింటర్ దగ్గరున్న డీటీపీ ఆయన దాన్ని అను ఫాంట్లలో, అంటే ప్రెస్సుల్లో వాడే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో, మళ్లీ టైప్ చేసి, మీకు చెప్పకుండా తన పద్ధతిలో వేసేస్తాడు. పాపం ఆయన తప్పేం లేదు, రోజూ చేసే పని అదే.

ఇంకో సంగతి, ఇంకు బట్టలోకి కొంచెం పరుచుకుంటుంది. మన అక్షరాల్లో సున్నాలు, సుడులు, ఒత్తుకూ పై అక్షరానికీ మధ్య సన్నని సందులు ఎక్కువ. ఆ సందు మిల్లీమీటరు కంటే తక్కువుంటే పూడుకుపోయి మచ్చలా తేలుతుంది. డిజైన్‌ను అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, ఛాతీ దగ్గర చొక్కాకు పిన్నులతో పెట్టుకుని అద్దం ముందు కాదు, గది అవతల నిలబడ్డ ఫ్రెండ్‌తో చదివించండి. వాడు తడుముకుంటే సందులు పెంచాలి.

బట్ట సంగతికొస్తే, మన దగ్గర హోల్‌సేల్‌లో దొరికే ప్లెయిన్ టీషర్టుల్లో ఎక్కువ భాగం తమిళనాడు తిరుప్పూరు నుంచే వస్తాయి. అడగాల్సిన మొదటి ప్రశ్న జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందని. మామూలు టీషర్టు 160 నుంచి 180 మధ్య ఉంటుంది. స్ట్రీట్‌వేర్‌లో భుజం జారి నిలువుగా నిలబడే ఫిట్ కావాలంటే 220 నుంచి 240 తీసుకోవాలి. మే నెలలో హైదరాబాద్‌లో 240 వేసుకోవడం కష్టమే, వేసవి డ్రాప్ అయితే 200 దగ్గర ఆగండి. ఓవర్‌సైజ్ అంటే రెండు సైజులు పెద్ద టీషర్టు కాదు, భుజం కుట్టు కిందికి దిగి, చేతులు వెడల్పుగా ఉండి, పొడవు మాత్రం అదుపులో ఉండే కట్ వేరే ఉంటుంది. డబుల్ ఎక్సెల్ కొనేసి ఓవర్‌సైజ్ అని అమ్మితే కొన్నవాడికి నైటీలా ఉంటుంది.

శాంపిల్ లేకుండా 50 కొనకండి. రెండు తెప్పించి, ఒకదాన్ని కొలిచి ఇంట్లో మామూలు సర్ఫ్‌తో మూడుసార్లు ఉతికి ఎండలో ఆరేసి మళ్లీ కొలవండి. కాటన్ కొంత కుంచించుకుపోవడం మామూలే, పొడవులో ఇంచు పైన పోయిందంటే మాత్రం ఆ సరుకు వదిలేయండి. పక్క కుట్టు మెలి తిరిగి పొట్ట మీదికి వచ్చిందేమో చూడండి, మెడ దగ్గర రిబ్‌ను, అంటే సాగే పట్టీని లాగి వదిలితే వెనక్కి రావాలి. కాలర్ సాగిన టీషర్టు మీద ఎంత గొప్ప అక్షరం వేసినా పనికి రాదు.

ప్రింట్ మూడు నాలుగు రకాలున్నా మనకు కావాల్సింది ఒక్క రంగు స్క్రీన్ ప్రింట్. రంగుకో స్క్రీన్ కాబట్టి ఒక్క రంగైతే ఖర్చు అదుపులో ఉంటుంది, ఉతుకులకు నిలబడుతుంది. డీటీఎఫ్ అంటే ఫిల్మ్ మీద ప్రింట్ చేసి వేడితో అతికించడం, ఐదో పదో పీసులకు మంచిదే, పెద్ద డిజైన్ అయితే గాలాడక ఛాతీ మీద ప్లాస్టిక్ అట్టలా అనిపిస్తుంది. పఫ్ ప్రింట్, అంటే ఉబ్బెత్తుగా వచ్చేది, తెలుగు గుండ్రాలకు భలే నప్పుతుంది, కానీ ఉబ్బినప్పుడు సందులు ఇంకా మూసుకుపోతాయి, ఇందాక చెప్పిన మిల్లీమీటరును రెండు చేసుకోండి. ఎవరి దగ్గర వేయించాలి అంటారా, కాలేజీ ఫెస్ట్ టీషర్టులు వేసేవాళ్లను వెతకండి, ఎన్నికల సీజన్ లేనప్పుడు వెళ్లండి. మొదటి పీసు పడేటప్పుడు పక్కనే ఉండండి. దాన్ని ఉతికి చూశాకే మిగతా 49కి సరే అనండి. ఇంకు వేడికి సరిగ్గా గట్టిపడకపోతే రెండో ఉతుకులోనే పగుళ్లిస్తుంది.

ఇప్పుడు ఇన్‌స్టా. రీల్‌కు సినిమా పాట కాదు, రాప్ పెట్టుకోండి. రాప్ ఎందుకంటే స్టైల్ కోసం మాత్రమే కాదు, పాట హక్కుల కోసం కూడా. బిజినెస్ అకౌంట్‌కు ట్రెండింగ్ సినిమా పాటలు చాలావరకు రావు, పర్సనల్ అకౌంట్ నుంచి పెట్టినా సరుకు అమ్మడానికి ఆ పాట వాడే హక్కు మీకు లేదు. మీ దగ్గరలో సైఫర్లలో, అంటే గుంపుగా చేరి వంతులవారీగా పాడే చోట, రాప్ చేసే పిల్లో పిల్లాడో ఉంటారు. రోల్ రైడా, ప్రణవ్ చాగంటి లాంటి వాళ్లు తెలుగు రాప్‌కు దారి వేసేశారు కాబట్టి ఇప్పుడు ప్రతి కాలేజీలో ఒకరు తగులుతున్నారు. మీ టీషర్టు మీదున్న మాటతో ఎనిమిది లైన్లు రాయించుకోండి, బీటు కూడా సొంతంగా చేసిందో, లైసెన్స్ కొన్నదో అయి ఉండాలి, యూట్యూబ్‌లో ఫ్రీ అని రాసి ఉన్న బీట్లు చాలావరకు అమ్మకాలకు ఫ్రీ కాదు. టీషర్టు ఇచ్చి సరిపెట్టకండి, ఎంతో కొంత డబ్బివ్వండి. ఆ ఆడియో ఎక్కడెక్కడ, ఎంతకాలం వాడుకుంటారో వాట్సాప్‌లోనైనా రాసుకోండి. రేపు ఆ రీల్ పేలితే ఈ మెసేజే స్నేహాన్ని కాపాడుతుంది.

రీల్‌కు పెద్ద కెమెరా అక్కర్లేదు. ప్రింట్ పడే రోజు స్క్రీన్ ఎత్తగానే నల్లబట్ట మీద తెల్ల అక్షరం తేలే ఆ క్షణం ఫోన్‌తో తీస్తే చాలు, దాన్నే రీల్ మొదట్లో పెట్టండి. మోడల్ షూట్‌కు దుర్గం చెరువు బ్రిడ్జి, చార్మినార్ అందరూ అరగదీశారు. ఎంఎస్ మక్తాలో గోడ బొమ్మలు బాగుంటాయి, అక్కడ తీస్తే ఆ బొమ్మ వేసిన ఆర్టిస్టును కనుక్కుని అడగండి, పోస్టులో పేరు పెట్టండి. నన్నడిగితే ఆ మాట ఎక్కడ వినబడుతుందో అక్కడే తీయాలి. జర ఆగు టీషర్టుకు ఆటో స్టాండ్ కంటే మంచి చోటు ఏముంది? మెట్రో స్టేషన్‌లో మాత్రం అనుమతి లేకుండా కమర్షియల్ షూట్ పెట్టుకోవద్దు.

డబ్బు లెక్క ముందే వేసుకోండి. ఇవి ఉదాహరణ అంకెలే, మీ రేట్లు మీరు వేసుకోండి. టీషర్టు 300, ప్రింట్ 90, లేబుల్, కవర్ 30, అంటే పీసుకు 420, మొత్తం 21,000. శాంపిళ్లు, స్క్రీన్ కలిపి 2,500, పెయింటర్, రాపర్, షూట్ కలిపి 8,000. అంతా 31,500. పంచిపెట్టడానికి 5 పోగా 45 పీసులు 899 చొప్పున అమ్మితే 40,455 వస్తాయి, కొరియర్ కొన్నవాడిదే అనుకుంటే మిగిలేది తొమ్మిది వేలలోపే. అన్నీ అమ్ముడుపోతేనే సుమా. మామా నాకు ఫ్రీ కదా అనేవాళ్లు పదిమంది తేలితే అది కూడా పోతుంది, వాళ్లకు ముందే మొహమాటం లేకుండా చెప్పేయండి.

జీఎస్టీ గురించి ఎవరూ చెప్పని మెలిక ఒకటుంది. సొంత రాష్ట్రంలో చిన్నగా అమ్మితే టర్నోవర్ పరిమితి దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ సరుకు రాష్ట్రం దాటితే మొదటి పీసు నుంచే కావాలి. హైదరాబాద్ నుంచి విజయవాడకు పంపినా రాష్ట్రం దాటినట్టే. అందుకని తొలి డ్రాప్‌ను ఊళ్లోనే చేతికిచ్చేలా పెట్టుకుంటే తలనొప్పి తగ్గుతుంది, లేదంటే ముందే రిజిస్టర్ చేసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 లోపు బట్టల మీద పన్ను 5 శాతం. పేరు ఖాయం చేసేముందు ట్రేడ్‌మార్క్ సైట్‌లో 25వ క్లాసులో వెతకండి, బట్టలన్నీ ఆ క్లాసులోకే వస్తాయి, వెతకడానికి ఖర్చు లేదు.

క్యాష్ ఆన్ డెలివరీ వద్దు. తలుపు దాకా వెళ్లిన పార్సెల్‌ను వద్దన్న ప్రతివాడికీ రానూపోనూ కొరియర్ మీరే కడతారు. ముందే యూపీఐ, వచ్చాకే ప్యాకింగ్. సైజులు 50లో ఎస్ 6, ఎం 14, ఎల్ 16, ఎక్సెల్ 10, డబుల్ ఎక్సెల్ 4 అని మొదలుపెట్టొచ్చు, అమ్మాయిలు ఎక్కువగా కొనే గ్యాంగ్ అయితే ఎస్, ఎం పెంచండి. పోస్టులో ఎస్, ఎం అని వదిలేయకుండా ఛాతీ, పొడవు, భుజం ఇంచుల్లో రాయండి, ఇంట్లో ఉన్న టీషర్టును నేల మీద పరిచి కొలిచి చూసుకోమనండి. సైజ్ మార్పు అడిగే మెసేజులు బాగా తగ్గుతాయి.

ప్రింటర్లు పని అయ్యాక స్క్రీన్ కడిగేసి వేరే డిజైన్‌కు వాడుకుంటారు. మీది ఓ నెల పక్కన పెట్టమని ప్రింట్ రోజే అడగండి, కాస్త డబ్బు అడిగితే ఇవ్వండి. సరుకు వారంలో అయిపోతే మళ్లీ వేయించడానికి కొత్త స్క్రీన్ ఖర్చుండదు. అవ్వకపోతే నెల తర్వాత కడిగేయమని చెప్పి, రెండో మాట మొదలుపెట్టండి.