సరిహద్దు జిల్లాల్లో వకీలును ఎంచుకోవడం: ముందు కోర్టు, ఆ తరువాతే ప్లీడరు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెద్ద వైద్యం కావాలన్నా, పెళ్లి బట్టలు కొనాలన్నా విశాఖపట్నం వైపు చూడడం అలవాటు. కోర్టు వ్యవహారం వచ్చి పడినప్పుడు కూడా అదే అలవాటు కొద్దీ విశాఖలోనో హైదరాబాదులోనో తెలిసినవారి ద్వారా ఒక పెద్ద లా ఫర్మ్‌ను పట్టుకుని, అడ్వాన్సు చెల్లించాక, కేసు నడవవలసింది కటక్‌లో అని తెలుసుకునేవారు ఉన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయాయి. 1948 జూలై 26న కటక్‌లో ఒరిస్సా హైకోర్టు ఏర్పడింది. బంధుత్వాలూ, వ్యాపారాలూ, పొలాలూ మాత్రం సరిహద్దుకు రెండు పక్కలా మిగిలిపోయాయి. అందుచేత ఇక్కడివారు మంచి వకీలు ఎవరని అడగడానికి ముందు, తమ వ్యవహారం ఏ రాష్ట్రపు ఏ న్యాయస్థానం పరిధిలోకి వస్తుందో తేల్చుకోవాలి. అది తేలితే విభాగమూ, న్యాయవాదీ చాలావరకు వాటంతటవే తేలతాయి.

విభాగాల జాబితాను చదవడం

అన్ని విభాగాలూ ఉన్న లా ఫర్మ్‌లో సివిల్ వ్యాజ్యాలు, క్రిమినల్, కుటుంబ వ్యవహారాలు, భూమి–రిజిస్ట్రేషన్, కంపెనీ వ్యవహారాలు, బ్యాంకు బాకీలు, పన్నులు, కార్మిక–సర్వీసు కేసులు, ట్రేడ్‌మార్కులు వంటి వాటికి వేరువేరు న్యాయవాదులు ఉంటారు. పార్ట్‌నర్ హోదాలో ఉన్న సీనియర్ కేసు బాధ్యత తీసుకుంటారు. కాగితాలు తయారు చేసేదీ, చాలా వాయిదాలకు హాజరయ్యేదీ అసోసియేట్లు. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు అనుమతించవు గాని, వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో నమోదు) వివరాలు, చదువు, పనిచేసే విభాగాలు పెట్టుకోవచ్చు. ‘మా దగ్గరికి వస్తే గెలుపు ఖాయం’ అన్న ధోరణి కనిపించిన చోట మాత్రం జాగ్రత్త పడడం మంచిది.

మన ఊళ్లలో అంత పెద్ద సంస్థలు ఉండవు. ఒక సీనియర్ వకీలు గారి చాంబరు, అందులో ఇద్దరు ముగ్గురు జూనియర్లు, వాయిదా తేదీలన్నీ డైరీలో రాసుకునే ఒక గుమస్తా ఉంటే అదే లా ఫర్మ్. అక్కడ విభాగాల బోర్డు ఉండదు కాబట్టి, ఆ వకీలు గారు రోజూ ఏ కోర్టు హాలులో కనిపిస్తారో విచారించాలి. క్రిమినల్ కేసులు నడిచే సెషన్స్ కోర్టులోనే ఎక్కువగా ఉండేవారికి పొలం పంపకాల దావా అప్పగించడం నా దృష్టిలో తెలివైన పని కాదు, వారు ఎంత పేరున్నవారైనా సరే. బరంపురంలోనే పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి, తరువాత రాష్ట్రపతి కూడా అయిన వి.వి.గిరి గారు పేరు తెచ్చుకున్నది వకీలుగా కాదు, కార్మిక నాయకుడిగా. ప్రతి న్యాయవాదికీ తనదైన పట్టు ఉన్న రంగం ఒకటి ఉంటుంది.

భూమి వ్యవహారం

సరిహద్దు ప్రాంతంలో ఎక్కువ కేసులూ, ఎక్కువ నష్టాలూ భూమి దగ్గరే. స్థిరాస్తి దావాను ఆ ఆస్తి ఉన్న ప్రాంతపు కోర్టులోనే వేయాలన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ చెప్పే సూత్రం. దస్తావేజు రిజిస్ట్రేషన్‌కూ అదే సూత్రం వర్తిస్తుంది. పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నం వైపు పొలం ఉన్న అన్నదమ్ములు పంపకాల దావా వేయదలిస్తే, ఆస్తిలో ఏ భాగం ఏ కోర్టు పరిధిలో ఉన్నా ఆ కోర్టులో మొత్తానికి కలిపి దావా వేసుకునే వీలు 17వ సెక్షన్ కల్పిస్తుంది. అయితే రెండు రాష్ట్రాల రికార్డులు రెండు రకాలు. ఆంధ్ర వైపు 1బి (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), పట్టాదారు పాసుపుస్తకం ఉంటాయి. ఒడిశా వైపు తహసీల్ కార్యాలయం ఇచ్చే పట్టా, ఖతియాన్ (హక్కుల రికార్డు) ఒడియాలో ఉంటాయి, భూలేఖ్ వెబ్‌సైటులో వాటిని చూసుకోవచ్చు. వీటికి తోడు తాతలనాటి దస్తావేజులు తెలుగులో ఉంటాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పాత సర్వే నంబరుకు కొత్త ప్లాటు నంబరు ఏదో చెప్పగలిగిన వకీలు దొరకడం అదృష్టమే. అటువంటివారు సాధారణంగా స్థానిక బార్‌లోని పాతకాపులై ఉంటారు. మహానగరపు సంస్థలో అరుదు.

ఇంకా ముఖ్యమైనది షెడ్యూల్డు ప్రాంతాల, అంటే ఆదివాసీల రక్షణకు ప్రత్యేక నిబంధనలు వర్తించే ప్రాంతాల, విషయం. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నవరంగ్‌పూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలు. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీల్, గుమ్మా, రాయగడ బ్లాకులు ఆ పరిధిలోకి వస్తాయి (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు, దస్తావేజుల్లో ఈ తికమక తరచుగా కనిపిస్తుంది). ఒడిశాలో 1956 నాటి 2వ నిబంధన, ఆ తరువాతి సవరణలతో కలిపి, ఆదివాసీల భూమి ఆదివాసేతరుల చేతికి మారడాన్ని నిషేధిస్తుంది. ఆంధ్ర వైపు ఏజెన్సీలో 1959 నాటి నిబంధనకు 1970లో వచ్చిన సవరణ, అంటే అందరూ 1/70గా పిలిచే చట్టం, ఇంకా కఠినమైనది. అమ్మేవారు ఆదివాసీ కాకపోయినా కొనేవారు ఆదివాసీ లేదా ఆదివాసీల సహకార సంఘం కావలసిందే. సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి పొట్టంగి వెళ్లే దారిలో ఒక చట్టం ముగిసి మరొకటి మొదలవుతుంది. ఈ వ్యవహారాలు ముందుగా రెవెన్యూ అధికారుల ఎదుట నడుస్తాయి కనుక, సివిల్ కోర్టు అనుభవం ఒక్కటే ఉన్న వకీలు చాలరు. కొటియా గ్రామాల వంటి చోట, రెండు రాష్ట్రాలూ తమదేనంటున్న నేల మీద, ఏ కాగితాన్ని నమ్మి అయినా స్థలం కొనవద్దని చెప్పడమే నిజాయితీ గల సలహా.

వ్యాపారం, కుటుంబం, ప్రమాదం, అరెస్టు

చెక్కు బౌన్స్ కేసులో తేదీలే ప్రాణం. పలాస జీడిపప్పు వ్యాపారి ఇచ్చిన చెక్కును పర్లాకిమిడి వర్తకుడు తన ఖాతాలో జమ చేయగా అది తిరిగి వచ్చిందనుకుందాం. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా లిఖితపూర్వక నోటీసు పంపాలి; నోటీసు అందుకున్నవారికి డబ్బు చెల్లించడానికి 15 రోజుల గడువు ఉంటుంది; ఆ గడువు దాటిన నెల రోజుల్లోగా ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదులో ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు, నోటీసు ఆలస్యమైతే మాత్రం మార్గం లేదు. 2015 సవరణ తరువాత, ఖాతాలో జమ చేసిన చెక్కు విషయంలో పుచ్చుకున్నవారి ఖాతా ఉన్న శాఖ ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే కేసు నడుస్తుంది కాబట్టి, ఈ వర్తకుడు శ్రీకాకుళం జిల్లా కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదు, పర్లాకిమిడి వకీలు చాలు. జీఎస్టీ నోటీసు వచ్చిందంటే ముందు లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంటును కలిసి, అప్పీలు దాకా వెళ్లేటప్పుడు పన్నుల న్యాయవాదిని కలుపుకోవడం మంచిది. కొన్న వస్తువు గురించిన గొడవకు వినియోగదారుల కమిషన్‌లో వకీలు లేకుండానే ఫిర్యాదు చేయవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు.

ఇక్కడి ఆడపిల్లను విజయనగరంలో ఇచ్చి, ఆ కాపురం చెడినప్పుడు, అక్కడికే వెళ్లి పోరాడాలన్న భయం అక్కరలేదు. హిందూ వివాహ చట్టం కింద భార్య తాను నివసిస్తున్న చోటనే పిటిషన్ వేయవచ్చు. గృహహింస చట్టం కింద దరఖాస్తుకూ, భరణం కోరడానికీ అదే వెసులుబాటు ఉంది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి, నిర్బంధంలో ఉన్నవారికి 1987 నాటి చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా వెళ్లవచ్చు.

రోడ్డు ప్రమాదంలో పరిహారం కోరేవారు ప్రమాదం జరిగిన చోటనే కాక, తాము నివసించే చోటి ట్రైబ్యునల్లో కూడా దరఖాస్తు వేయవచ్చు. ఆరు నెలల గడువును గుర్తుంచుకుని, గాయాలు మానేదాకా ఆగకుండా వకీలును కలవాలి.

క్రిమినల్ కేసులో సంగతి వేరు: నేరం ఎక్కడ జరిగిందన్నదే ప్రధానం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం ప్రకారం ఫిర్యాదును ఏ పోలీసు స్టేషన్లోనైనా తీసుకోవలసిందే గాని, దర్యాప్తూ విచారణా పరిధి ఉన్న చోటికే వెళతాయి. కొరాపుట్ వైపు నుంచి బయలుదేరిన లారీలో గంజాయి ఆంధ్ర చెక్‌పోస్టు దగ్గర పట్టుబడితే డ్రైవరు కుటుంబం జయపురం వకీలును పట్టుకుని వృథాగా రోజులు గడపకూడదు. ఆంధ్రలో ఆ ప్రాంతపు ప్రత్యేక కోర్టులో పనిచేసే న్యాయవాది కావాలి. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం, బెయిల్ చాలా కష్టం. ఆ సంగతి మొదటి రోజే చెప్పకుండా ‘వారంలో బయటికి తీసుకొస్తా’ అనే వకీలును నమ్మవద్దు.

ఉద్యోగుల సర్వీసు కేసుల గురించి ఒక మాట. ఒడిశా అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ 2019లో రద్దయింది కాబట్టి, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు కటక్ హైకోర్టులో ప్రాక్టీసు ఉన్నవారినే చూసుకోవాలి. 2023 నుంచి జిల్లాల్లో ఏర్పడిన హైకోర్టు వర్చువల్ కేంద్రాల వల్ల జిల్లా వకీళ్లు అక్కడి నుంచే వాదించే వీలు కలిగింది. మీ వకీలు ఆ సౌకర్యాన్ని వాడుతున్నారా అని అడగండి.

మొదటి సమావేశం, ఫీజు, వకాల్తా

వకీలు గారి దగ్గరికి వెళ్లే ముందు ఒక ఠావు కాగితం మీద సంఘటనలను తేదీల వరుసలో రాసుకోండి. ఎడమ పక్క తేదీ, మధ్యలో ఏం జరిగింది, కుడి పక్క దానికి ఏ కాగితం ఆధారం. ఆ మూడో గడిలో ఖాళీలు ఎన్ని ఉన్నాయో చూడగానే అనుభవం గల వకీలుకు కేసు బలం అర్థమైపోతుంది. అసలు కాగితాలు ఇవ్వవద్దు, జిరాక్సులు ఇవ్వండి; అసలు దస్తావేజు కోర్టులో దాఖలు చేయవలసి వస్తే రసీదు తీసుకోండి. ఒడియా, తెలుగు కాగితాలకు అనువాదం ఎవరు చేయిస్తారో, ఖర్చు ఎవరిదో అప్పుడే మాట్లాడుకోండి.

కొన్ని ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగాలి: వాయిదాలకు మీరే వస్తారా, జూనియర్ వస్తారా? ఇటువంటి కేసులు ఈ కోర్టులో ఎన్ని నడిపారు? కేసు పైకోర్టుకు వెళితే కటక్‌లో ఎవరితో కలిసి పనిచేస్తారు? 2011లో అడ్వకేట్స్ చట్టం 30వ సెక్షన్ అమలులోకి వచ్చినప్పటి నుంచి న్యాయవాది దేశంలో ఏ కోర్టులోనైనా వాదించవచ్చు కాబట్టి విశాఖ సంస్థను పెట్టుకోవడానికి చట్టం అడ్డు రాదు. కానీ కంపెనీ ఒప్పందాలూ పెద్ద బ్యాంకు బాకీలూ తప్ప మిగతా వాటికి, స్థానిక వకీలు ముందు నిలబడి పెద్ద సంస్థ వెనుక నుంచి సలహా ఇచ్చే ఏర్పాటే నాకు సరైనదిగా కనిపిస్తుంది.

ఫీజును కాగితం మీద రాయించుకోండి: మొత్తం ఎంత, ఏ దశలో ఎంత, కోర్టు ఫీజూ గుమస్తా ఖర్చులూ అందులో కలిశాయా లేదా. గెలిచిన సొమ్ములో వాటా అడగడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ప్రమాద పరిహారం కేసుల్లో ఇది మామూలైపోయినా మీరు ఒప్పుకోనక్కరలేదు. వకాల్తా కాగితాన్ని ఖాళీగా సంతకం చేసి ఇవ్వవద్దు. రాజీ పడే అధికారం, డబ్బు తీసుకునే అధికారం అందులో ఉన్నాయేమో చదవండి, లేదా చదివించుకోండి.

కేసు దాఖలైన తరువాత దానికి 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) వస్తుంది. దానిని ఈకోర్ట్స్ యాప్‌లో నమోదు చేసుకుంటే తరువాతి వాయిదా ఎప్పుడో, నిన్న ఏం జరిగిందో గుమస్తాను అడగకుండానే తెలుస్తుంది. వకీలును మార్చుకోవాలనిపిస్తే మార్చుకోవచ్చు. పాత వకీలు నుంచి అభ్యంతరం లేదన్న కాగితం తీసుకోవడం ఆచారం. ఫీజు బాకీ ఉందని చెప్పి కేసు ఫైలును అట్టిపెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. ఫీజు కోసం వారు వేరే మార్గాలు చూసుకోవాలి. వృత్తిలో దుష్ప్రవర్తన ఉంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది గనుక కమిషన్‌కు వెళ్లి ప్రయోజనం లేదు. ఒడిశాలో నమోదైన న్యాయవాది మీద ఫిర్యాదు కటక్‌కు, ఆంధ్రలో నమోదైనవారి మీద ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కు పంపాలి. కాబట్టి ఎన్‌రోల్‌మెంట్ నంబరును వకాల్తా మీద సంతకం చేసే రోజే రాసి ఉంచుకోండి.