ఆఫ్‌రోడ్ బండికి సొంతంగా కట్టే స్పీకర్ బాక్సు: రంపం పట్టేముందు, బురదలోకి దిగేముందు

గదిలో పెట్టే స్పీకర్ బాక్సు చెయ్యాల్సిందల్లా కదలకుండా కూర్చోవడమే. అదే బాక్సు ఆఫ్‌రోడ్ బండిలోకి ఎక్కితే గంటలకొద్దీ గతుకుల్లో దడదడలాడుతుంది, ఎండకు కాగుతుంది, ఆ వేడి మీదే వాగునీళ్లలో మునుగుతుంది. బండి పల్టీ కొడితే మనుషుల తలల పక్కనే ఉంటుంది. కాబట్టి ముందు చూసుకోవాల్సింది బోల్టులు, ఆ తర్వాత వైర్లు, ఆ తర్వాత నీళ్లు. శబ్దం నాలుగోది. చాలామంది ఈ వరస తిరగేసి మొదలుపెడతారు. తీరా చూస్తే పాట బాగానే ఉంటుంది, బాక్సు మాత్రం ఊడి వెనక సీట్లో పడి ఉంటుంది.

ఎక్కడ పెట్టాలి, దేనికి బిగించాలి

చెక్క కొనకముందే అదే కొలతలతో అట్ట డబ్బా ఒకటి చేసి, అనుకున్న చోట టేపుతో అతికించండి. సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని తలను అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. మూల తగిలితే ఆ చోటు పనికిరాదు. వెనక అద్దం చూపుకు గానీ, బెల్టు సాగే దారికి గానీ, తలుపు తెరిచి దూకాల్సి వస్తే కాలికి గానీ అడ్డొచ్చినా అంతే. పైకప్పు అంచుల్లో, స్తంభాల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉండే బండ్లలో ఆ వైపు అసలు ముట్టుకోవద్దు. పసుపు గొట్టం తొడిగిన వైర్లు, పసుపు కనెక్టర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి. వాటిని తప్పనిసరిగా కదపాల్సి వస్తే బ్యాటరీ ఊడదీసి, ఎన్ని నిమిషాలు ఆగాలో ఆ బండి సర్వీస్ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి.

ఇక బరువు. ఎనిమిది కిలోల బాక్సు చేతికి పెద్ద భారం అనిపించదు. బండి దేన్నో గుద్ది 20 జీ (భూమి ఆకర్షణకు 20 రెట్లు) కుదుపుతో ఆగితే అదే బాక్సు 160 కిలోల బలంతో తన బిగింపులను లాగుతుంది. గోడ పలకలకు వాడే నల్ల స్క్రూలు ఇక్కడే మోసం చేస్తాయి. వాటిని గట్టిపరిచి చేస్తారు కాబట్టి వంగవు, పక్కదెబ్బకు తల పుటుక్కున తెగుతుంది. రేకులోకి బిగించిన స్క్రూ కూడా ఎక్కువకాలం నిలవదు. అదురుకు కన్నం సాగి, మర మొత్తం జారిపోతుంది.

వాడాల్సినవి ఎనిమిది మిల్లీమీటర్ల, 8.8 గ్రేడు బోల్టులు, కనీసం నాలుగు. అవి రేకుకు అటువైపు దాకా పోవాలి. అవతల వట్టి వాషర్ పెడితే పెద్ద కుదుపుకు వాషర్‌తో సహా రేకును చింపుకుని వచ్చేస్తుంది. అందుకే 3 మి.మీ. మందం ఉక్కు పట్టీని, అరచేయంత వెడల్పున, రెండు బోల్టులకు కలిపి వేయండి. నట్టు నైలాన్ రింగుది కావాలి. బోల్టు బాక్సు చెక్కను పట్టుకునే చోట లోపల కూడా వెడల్పు వాషర్ పడాలి. లేకపోతే నట్టు మెల్లమెల్లగా ప్లైవుడ్‌లోకి దిగబడి బిగువు పోతుంది. ఇవన్నీ అయ్యాక కూడా 3 మి.మీ. ఉక్కు తాడు ఒకటి బాక్సుకూ బండి చట్రానికీ విడిగా కట్టండి. బోల్టులు ఊడినా బాక్సు మనుషుల మీదికి ఎగరదు.

రోల్‌కేజ్ (బండి పల్టీ కొట్టినా మనుషులు నలగకుండా కాపాడే ఉక్కు పంజరం) గొట్టానికి మాత్రం కన్నం వేయొద్దు. ఆ గొట్టం ఉన్నది మీ ప్రాణం కోసం, బెజ్జం పడిన చోటే అది ముందు మడత పడుతుంది. చుట్టూ పట్టే క్లాంపు, లోపల రబ్బరు పొర, అంతే. నేలరేకుకు డ్రిల్ చేసేముందు బండి కిందికి దూరి చూడండి. బ్రేకు గొట్టం, ఇంధన గొట్టం, వైర్ల కట్ట సరిగ్గా రేకుకు ఆనుకునే పోతుంటాయి. బిట్టుకు ఒక చెక్కముక్క తొడిగి 10 మి.మీ. మాత్రమే బయటికి వదిలితే, రేకు తెగిన క్షణంలో డ్రిల్ ఒక్కసారిగా లోపలికి దూసుకుపోదు. గ్రైండర్ పని ఉంటే అది బండి బయట చేసుకోండి. నిప్పురవ్వలు అద్దంలోకి కరిగి దిగబడతాయి, ఆ మచ్చలు ఇక పోవు.

చెక్క, కొలత

ఎమ్‌డీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) కోయడానికి హాయిగా ఉంటుంది, శబ్దానికీ మంచిదే. తడి తగిలితే మాత్రం అంచులు ఉబ్బి అట్టముక్కలా పొరలు విడుస్తుంది, మళ్లీ ఎండినా పాత కొలతకు రాదు. పైన మూసి ఉండే బండికే అది. తెరిచి ఉండే బండికి 15 లేదా 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ వాడండి. లోపలా బయటా రెండు మూడు పూతలు ఎపాక్సీ పడాలి. నీళ్లు తాగేది పలక ముఖం కాదు, కోసిన అంచు. స్పీకర్ కోసం కోసిన వలయం అంచు, బోల్టు కన్నాల లోపలి గోడలు, వైరు బెజ్జం, వీటికి ఎపాక్సీ మరిచిపోతే మిగతా పూతంతా దండగ.

లోపలి ఘనపరిమాణం లెక్కలో అందరూ చేసే తప్పు ఒకటుంది. బయట 30, 25, 20 సెంటీమీటర్ల బాక్సు అంటే 15 లీటర్లు అనుకుంటారు. పలక 18 మి.మీ. అయితే ప్రతి కొలతలో 3.6 సెం.మీ. పోయి లోపల 26.4, 21.4, 16.4 మిగులుతాయి. అంటే సుమారు 9.3 లీటర్లు. అందులో స్పీకర్ అయస్కాంతం, బిగింపు చెక్కలు ఇంకో అర లీటరో, ఎక్కువో తింటాయి.

ఎన్ని లీటర్లు కావాలో స్పీకర్ కాగితంలోని వాస్ (Vas, కోను బిగువుకు సమానమైన గాలి, లీటర్లలో), క్యూటీఎస్ (Qts, కోను ఊగుడు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే సంఖ్య) విలువలు చెబుతాయి. మూసిన బాక్సులో పెట్టాక స్పీకర్‌కు ఉండాలని మనం కోరుకునే క్యూను (అదే అణుగుడు సంఖ్యను) క్యూటీఎస్‌తో భాగించి, వర్గం చేసి, ఒకటి తీసేయండి. వాస్‌ను ఆ వచ్చిన సంఖ్యతో భాగిస్తే లీటర్లు తేలతాయి. వాస్ 12 లీటర్లు, క్యూటీఎస్ 0.5 అనుకుందాం. 0.707 కావాలంటే 12 లీటర్లు, 0.8 చాలనుకుంటే 7.7 లీటర్లు. ఇంజిన్ మోతలో, టైర్ల రొదలో ఈ రెంటికీ తేడా పట్టుకోగల చెవి అరుదు. చిన్న బాక్సే తేలిక, బిగించడమూ సులువు, అదే కట్టండి. యాంప్లిఫయర్‌లో హైపాస్‌ను (లోతు శబ్దాలను ఆపేసే అమరికను) 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర పెడితే కోను అతిగా ఊగదు.

కోత, పొట్టు, రెజిన్

వలయం కోసేటప్పుడు ప్రమాదమంతా ఆఖరి సెంటీమీటరులోనే ఉంటుంది. రౌటర్ చుట్టూ తిరిగి వచ్చేసరికి మధ్య బిళ్ల ఊడి, తిరుగుతున్న బిట్టుకు తగిలి, రౌటర్‌ను చేతుల్లోంచి గుంజుతుంది. బిళ్లను కింద పలకకు రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించండి, లేదా మూడు చోట్ల చిన్న వంతెనలు వదిలి ఆఖర్న చేతి రంపంతో తెంచండి. ఒక్కో విడతకు 5 మి.మీ. లోతే. కోసేది రంధ్రం లోపలి అంచు అయితే రౌటర్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు, పలక బయటి అంచు అయితే దానికి ఎదురు దిశలో నడపాలి. గుడ్డ చేతి తొడుగులు వేసుకుని రౌటర్, డ్రిల్ పట్టొద్దు, నూలు చిక్కుకుంటే వేలితో సహా లాగేస్తుంది. వలయం వ్యాసం స్పీకర్ పేరులోని అంగుళాలను బట్టి గీయకండి, పెట్టెలో వచ్చిన కాగితపు నమూనా వాడండి.

చెక్కపొట్టు క్యాన్సర్ కారకమని తేలినదే. ఎమ్‌డీఎఫ్‌లో జిగురు కూడా కలిసి ఉంటుంది. రుమాలు కట్టుకుంటే చాలదు, ఎన్95 లేదా అంతకన్నా మెరుగైన మాస్కు వేసుకోండి. చెక్కకు బదులు గ్లాస్‌ఫైబర్‌తో బాక్సు ఆకారం పోసుకునేవారికి అదీ చాలదు. పాలిస్టర్ రెజిన్ ఆవిరికి ఆర్గానిక్ ఆవిరి కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, ఆరుబయట చోటు రెండూ కావాలి. గట్టిపరిచే ఎంఈకేపీ ద్రవం రెజిన్ బరువులో ఒకటి నుంచి రెండు శాతం, అంటే అర కిలోకు 5 నుంచి 10 గ్రాములు. అది కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లజోడు వాడండి. పడిందంటే 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడుగుతూ ఆస్పత్రికి బయల్దేరండి. కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవాన్ని) విడిగా కొన్నట్టయితే అదీ ఎంఈకేపీ నేరుగా కలవకూడదు, పేలుతుంది. ఒకటి రెజిన్‌లో బాగా కలిశాకే రెండోది పోయాలి. మిగిలిపోయిన రెజిన్‌ను లోతు గ్లాసులో వదిలేస్తే తనంతట తానే కాగి పొగలు కక్కుతుంది. వెడల్పు రేకులో పలచగా పరిచి బయట పెట్టండి. ఇంకొకటి, ఆకారం కోసం థర్మాకోల్ వాడితే పాలిస్టర్ రెజిన్ దాన్ని కరిగించి మింగేస్తుంది. థర్మాకోల్ మీదికి ఎపాక్సీయే.

సందులు మూయడానికి వెనిగర్ వాసన వేసే సిలికోన్ వద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగి తీగలను, టెర్మినల్స్‌ను పచ్చగా తినేస్తుంది. న్యూట్రల్ రకం లేదా పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ వేసి, ఒక రోజంతా ఆరాకే స్పీకర్ బిగించండి.

నీళ్లు ఎలా దూరతాయి

బాక్సును గాలి చొరకుండా బిగిస్తే నీళ్లూ చొరవనుకుంటారు. గంట ఎండలో తిరిగిన బాక్సులో గాలి 60 డిగ్రీలు ఉందనుకోండి. బండి వాగులో దిగితే ఆ గాలి 25కు చల్లబడుతుంది, పీడనం పదో వంతు పడిపోతుంది. ఒక మీటరు నీటిమట్టం నొక్కినంత పీలుపు అది. జాయింటులో వెంట్రుకవాసి సందు ఉన్నా నీళ్లను లోపలికి లాగేస్తుంది. సందే లేకపోతే ఆ ఒత్తిడంతా కోను మీద పడుతుంది, ఆరున్నర అంగుళాల స్పీకర్ మీద దాదాపు 14 కిలోలు. యాక్సిల్‌కు బ్రీదర్ గొట్టం (గాలి అటూ ఇటూ పోయే సన్న గొట్టం) ఎందుకుంటుందో తెలిసినవారికి ఇది కొత్త కాదు. మందు కూడా అదే: 4 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ట్యూబు ఒక మీటరు, బాక్సు పైభాగం నుంచి కప్పు దాకా తీసి, మూతిని కిందికి వంచి, దుమ్ము పోకుండా కాస్త స్పాంజి కూరండి. అంత సన్నటి, పొడవైన గొట్టంతో శబ్దం మారినట్టు చెవికి తెలియదు. పోర్టు (లోతు శబ్దం పెంచడానికి బాక్సుకు పెట్టే గొట్టపు రంధ్రం) ఉన్న బాక్సు మాత్రం నీళ్ల బండికి వద్దు. పోర్టు అంటే తెరిచిన తూమే.

స్పీకర్ మీద ఐపీ67 (దుమ్ము, నీళ్లు చొరవని చెప్పే గుర్తు) అని రాసి ఉన్నా ఆ హామీ తరచు ముందు ముఖానికే, వెనకవైపు పొడిగా ఉంచే బాధ్యత బాక్సుది. వైరు లోపలికి కేబుల్ గ్లాండ్ (వైరు చుట్టూ రబ్బరుతో బిగుసుకునే బిరడా) ద్వారా పోవాలి. దానికి ముందు వైరును కిందికి ఒక వంపు తిప్పితే, వైరు వెంట జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. అడుగున 6 మి.మీ. కన్నం, దానికి రబ్బరు బిరడా ఉంచండి.

పరీక్షకు జాయింట్ల మీద సబ్బునురగ పూసి, తక్కువ శబ్దంలో 40 హెర్ట్జ్ ధ్వని నడపండి. నురగ బుడగలు కట్టినచోట సందు ఉంది.

వైర్లు

ఒక్కో చానల్‌కు 75 వాట్ల చొప్పున నాలుగు చానళ్ల క్లాస్ డీ (కరెంటు తక్కువగా వృథా చేసే రకం) యాంప్లిఫయర్‌కు 80 శాతం సామర్థ్యం లెక్కన 13.8 వోల్టుల దగ్గర సుమారు 27 ఆంపియర్లు కావాలి. 10 చదరపు మి.మీ. రాగి వైరు, 40 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెం.మీ. లోపలే ఉండాలి. అది కాపాడేది యాంప్లిఫయర్‌ను కాదు, వైరును. ఫ్యూజుకు ముందు ఉన్న ముక్క రేకుకు రాసుకుని షార్ట్ అయితే ఆపేది ఏదీ ఉండదు. రేకు దాటే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ వేయండి. అల్యూమినియం మీద రాగి పూసిన చవక వైరు తడికి పొడై రాలుతుంది, తగరం పూత ఉన్న రాగి వైరు మేలు. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు అది ఆఖర్న. అప్పుడు ప్లస్ మీద స్పానర్ జారి బాడీకి తగిలినా మెరుపు రాదు.

యాంప్లిఫయర్ ఆన్ చేసేముందు స్పీకర్ వైర్లను విడిగా మల్టీమీటర్‌తో చూడండి. 4 ఓమ్ స్పీకర్ దాదాపు మూడుంపావు నుంచి 3.8 దాకా చూపాలి. ఏ వైరుకైనా బాడీతో కలిపి చూస్తే మీటరు కదలకూడదు.

బయల్దేరేముందు, తిరిగొచ్చాక

మొదటి 100 కిలోమీటర్లకే బోల్టులన్నీ మళ్లీ బిగించండి. చెక్క అప్పటికి కాస్త అణుగుతుంది. ప్రతి నట్టు మీద పెయింటుతో ఒక గీత గీస్తే ఏది తిరిగిందో దూరం నుంచే కనబడుతుంది. మర వదలకుండా పోసే లాకింగ్ ద్రవాన్ని ప్లాస్టిక్ గ్రిల్లు దగ్గర వాడొద్దు, ఏబీఎస్ ప్లాస్టిక్ పగుళ్లు బారుతుంది. డ్రైవర్ వేలికి అందేట్టు మ్యూట్ బటన్ ఒకటి పెట్టండి. బండి ముందు నిలబడి దారి చూపే మనిషి కేక వినబడకపోతే చేతి సైగ ఒక్కటే దిక్కవుతుంది. చెవుల సంగతికొస్తే 85 డెసిబెల్స్‌కు ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు అందులో సగం. 100 దగ్గర 15 నిమిషాలే.

నీళ్లలోంచి బయటపడ్డాక బాక్సు చల్లారనిచ్చి అడుగు బిరడా తీయండి. చెంచాడు నీళ్లు కారితే బ్రీదర్ మూతి, గ్లాండ్, స్పీకర్ గాస్కెట్‌లను ఆ వరసలోనే చూడండి. కారిన నీళ్లు గోధుమరంగులో ఉంటే ఎపాక్సీ ఎక్కడో తప్పింది, చెక్క అప్పటికే తాగుతోంది. స్పీకర్ విప్పి, రెండు రోజులు ఆరబెట్టి, ఆ అంచును ఉప్పుకాగితంతో గీకి మళ్లీ పూత వేసేదాకా ఆ బాక్సును నీళ్లలోకి దించొద్దు.