పాత వెదురు ఫ్లై రాడ్ మొదట ఎవరిదో కనుక్కోవడం ఎలా

పాత వెదురు ఫ్లై రాడ్, అంటే నకిలీ పురుగు లాంటి ఎరను (దాన్నే ఫ్లై అంటారు) విసిరి చేపలు పట్టే గాలం కర్ర, చేతికి రాగానే ఎవరైనా అడిగేది రేటెంత అని, ఆ తర్వాత ఎవరు చేశారు అని. మొట్టమొదట డబ్బిచ్చి దీన్ని కొనుక్కుని ఏట్లో దిగిన మనిషి ఎవరన్నది మాత్రం పెద్దగా ఎవరూ అడగరు, అడిగినా ఇప్పుడేం దొరుకుతుందిలే అని వదిలేస్తారు. నిజం చెప్పాలంటే చాలా రాడ్లకు దొరకదు కూడా. సౌత్ బెండ్, మాంటేగ్, హారక్స్-ఇబ్బట్‌సన్ లాంటి అమెరికన్ కంపెనీలు భారీగా తయారు చేసి హార్డ్‌వేర్ షాపుల దాకా పంపిన రాడ్లను ఎవరు కొన్నారో ఎవరూ రాసిపెట్టుకోలేదు. మీ దగ్గరున్నది అలాంటిదై, దాని మీదా సంచిలోనా ఒక్క పేరు కూడా లేకపోతే ఇక్కడితో ఆపేసి హాయిగా చేపలు పట్టుకోండి. లెనార్డ్, పెయిన్, ఎఫ్. ఇ. థామస్, విన్‌స్టన్, ఇంగ్లండ్ వైపు హార్డీ, లేదా గ్యారిసన్, డికర్సన్ లాంటి ఒక్కరే కూర్చుని చేసే పనివాళ్ల రాడ్ అయితే మాత్రం కాస్త ఓపిక పట్టొచ్చు.

పేరు కనబడగానే దాని వెంట పరుగెత్తకండి, ఎక్కువమంది దారి తప్పేది అక్కడే. ముందు రాడ్ ఏ కాలానిదో తేలాలి, తర్వాత ఏ ఊళ్లో అమ్ముడైందో తేలాలి, పేరు సంగతి ఆ తర్వాతే. ఏడాదీ ఊరూ తెలియకుండా "జె. డబ్ల్యూ. స్మిత్" అన్న పేరు పట్టుకుని వెతికితే వందలమంది తగులుతారు. అదే 1930ల్లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలోని ఫలానా చిన్న ఊరు అని తెలిస్తే ఇద్దరో ముగ్గురో మిగులుతారు.

ముందు రాడ్‌ని చదవండి

కార్క్ పిడికి సరిగ్గా పైన, వెదురు మొదలయ్యే చోట చూడండి. కంపెనీ పేరు, మోడల్, పొడవు, సీరియల్ నంబరు లాంటివి ఎక్కువగా అక్కడే సిరాతో రాసి పైన వార్నిష్ వేస్తారు. ఎవరికోసం చేశారో ఆ పేరు కూడా ఉంటే అక్కడే ఉంటుంది. డెబ్బై ఎనభై ఏళ్లలో వార్నిష్ ముదిరి తేనె రంగుకు తిరుగుతుంది, సిరా వెలిసి గోధుమ రంగుకు వస్తుంది, రెండూ కలిసిపోయి మామూలు వెలుతురులో అక్షరం కనబడదు. గదిలో లైట్లన్నీ ఆపి ఒక్క చిన్న టార్చి తీసుకుని, రాడ్‌కి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకుని, రాడ్‌ని మెల్లగా ఒక్కో పలక చొప్పున తిప్పండి. రాడ్‌కి సాధారణంగా ఆరు పలకలు ఉంటాయి, పేరు ఒక పలక మీద, నంబరు దాని పక్క పలక మీద ఉండొచ్చు. ప్రతి పలకనూ ఫోన్‌తో ఫొటో తీసి, కాంట్రాస్ట్ పెంచి, రంగులు తిరగేసి చూడండి. కంటికి గీతలా కనబడింది ఫొటోలో "ఆర్" అయి కూర్చుంటుంది. అతినీలలోహిత టార్చి ఉంటే దాంతోనూ ఒకసారి చూడండి, తర్వాతెప్పుడో వేసిన వార్నిష్ పాత వార్నిష్‌తో పోలిస్తే వేరుగా మెరవచ్చు.

స్పిరిట్, థిన్నర్, ఇసుక కాగితం, గోరు, ఏదీ ఆ చోటికి దగ్గరికి రానివ్వద్దు. చెరిగిపోయిన అక్షరం మళ్లీ రాదు. దారం చుట్టే రీలు బిగించే చోట చెక్క కింద పెన్సిల్‌తో ఏదో రాసి ఉంటుందని ఎవరో చెప్పారని దాన్ని ఊడదీయడం కూడా అలాంటి పనే. రిపేరుకి ఎలాగూ విప్పాల్సొస్తే అప్పుడు చూడమని పనివాడికి చెప్పండి, అంతే.

పేరు కనబడితే అది వార్నిష్ లోపల ఉందా, పైన ఉందా అన్నది చూడాలి. తయారీదారు దస్తూరిలోనే, మిగతా రాతతో పాటు ఒకే సిరాలో, లోపల ఉంటే అది మొదటి యజమానిదయ్యే అవకాశం బాగా ఉంది. వార్నిష్ పైన, వేరే దస్తూరిలో ఉంటే మధ్యలో ఎవరో రాసుకున్నది కావచ్చు. పిడి చివర లోహపు టోపీ మీద చెక్కిన పొడి అక్షరాలు, చిన్న వెండి రేకు మీద "ఫలానా వారికి, ఫలానా వారి నుంచి" అన్న మాటలు ఉంటే అవి బహుమతిగా ఇచ్చినవి. అలాంటివి మనకు పండగే, ఎందుకంటే పదవీ విరమణకో క్లబ్బు సన్మానానికో ఇచ్చి ఉంటే ఆ వార్త ఊరి పత్రికలో వచ్చి ఉండే వీలుంది.

గొట్టం, సంచి

రాడ్ దాచే అల్యూమినియం గొట్టం మీద అంటించిన అడ్రసు చీటీ చూసి గంతులేయకండి. గొట్టాలు చేతులు మారినంత తేలిగ్గా రాడ్లు మారవు, షాపుల్లోనూ వేలంపాటల్లోనూ ఏ రాడ్‌ని ఏ గొట్టంలో దూర్చారో ఎవడికీ పట్టదు. గొట్టం మీద నంబరు, రాడ్ మీద నంబరు ఒకటేనా చూడండి. ఒకటి కాకపోతే, లేదా గొట్టం మీద నంబరే లేకపోతే, ఆ అడ్రసు ఒక అనుమానం మాత్రమే, సాక్ష్యం కాదు.

కానీ అడ్రసు రాసిన తీరు కాలాన్ని చెప్పేస్తుంది. అమెరికాలో ఊరి పేరు తర్వాత "న్యూయార్క్ 17" అన్నట్టు ఒకటి రెండు అంకెలు ఉంటే ఆ చీటీ 1943కి ముందుది కాదు, ఎందుకంటే ఆ పోస్టల్ జోన్ నంబర్లు మొదలైంది ఆ ఏడాదే. ఐదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతది. బ్రిటన్‌లో పోస్ట్‌కోడ్లు 1959లో నారిచ్‌లో ప్రయోగంగా మొదలై 1974 నాటికి దేశమంతా వచ్చాయి. లండన్ అడ్రసులో "ఎస్. డబ్ల్యూ. 1" లాంటి నంబరు ఉంటే 1917 లేదా ఆ తర్వాత. రాడ్ 1920ల నాటిదై, చీటీలో జిప్ కోడ్ ఉంటే ఆ పేరు మొదటి మనిషిది కాదని, లేదా నలభై ఏళ్లు దగ్గరుంచుకున్న మొదటి మనిషిదేనని అర్థం. రెండూ జరిగేవే కాబట్టి తొందరపడొద్దు.

గుడ్డ సంచిని లోపలికి తిప్పి కుట్ల దగ్గర వెతకండి. లాండ్రీ సిరాతో రాసిన పేరు, షాపు లేబుల్, అడుగున చిక్కుకున్న పాత ఫిషింగ్ లైసెన్సు కాగితం, ఏదైనా దొరకొచ్చు. లైసెన్సు దొరికితే మాత్రం సగం పని అయిపోయినట్టే, పేరూ అడ్రసూ వయసూ తరచుగా దాని మీదే రాసి ఉంటాయి. ఇంకొకటి, రీలు కాలి మీదో ఫెర్రూల్ మీదో, అంటే రాడ్ ముక్కల్ని కలిపే లోహపు గొట్టం మీద, తొమ్మిదంకెల నంబరు గీకి ఉంటే ఆశ్చర్యపోకండి. 1970ల్లో దొంగల భయానికి విలువైన వస్తువుల మీద సోషల్ సెక్యూరిటీ నంబరో డ్రైవింగ్ లైసెన్సు నంబరో చెక్కుకోమని అమెరికన్ పోలీసులే ప్రచారం చేశారు. ఆ నంబరున్న ఫొటో మాత్రం ఎక్కడా బయటపెట్టొద్దు, ఆ మనిషి ఇంకా బతికే ఉండొచ్చు.

ఏ కాలానిది?

కంపెనీ అడ్రసే మంచి గడియారం. లెనార్డ్ మొదట మెయిన్‌లోని బ్యాంగర్‌లో ఉండి 1881లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ వ్యాలీకి మారింది. విన్‌స్టన్ 1929లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలై 1970ల్లో మోంటానాలోని ట్విన్ బ్రిడ్జెస్‌కి వెళ్లింది, కాబట్టి రాడ్ మీద శాన్‌ఫ్రాన్సిస్కో అని ఉంటే పైహద్దు దొరికినట్టే. గ్రేంజర్ రాడ్లు డెన్వర్‌వి, వాటి మీద రైట్ అండ్ మెగిల్ పేరు కూడా ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతివి. ఆర్విస్ కంపెనీ వాళ్లు వెదురులోకి బేకలైట్ రెసిన్ ఎక్కించే పద్ధతి కూడా యుద్ధం తర్వాతి ముచ్చటే. ఇక 1950 చివర్లో చైనా సరుకు మీద అమెరికా నిషేధం పెట్టడంతో గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చే, రాడ్లకు వాడే టాంకిన్ రకం వెదురు ఆగిపోయింది, అప్పటికే ఫైబర్‌గ్లాస్ తలుపు తడుతోంది. పాత స్టాకు ఉన్నవాళ్లు చేస్తూనే ఉన్నారు గానీ సాధారణ షాపుల్లో వెదురు రాడ్ల జోరు అక్కడితో తగ్గింది.

తయారీదారు పుస్తకాలు

సీరియల్ నంబరు ఉందంటే కొన్నవాడి పేరు కూడా ఎక్కడో ఉంటుందని అందరూ అనుకుంటారు, అది సగమే నిజం. ఆర్విస్, హార్డీ లాంటి కంపెనీల నంబరు ఏడాది కట్టడానికి పనికొస్తుంది, కానీ రాడ్ షాపుకి వెళ్లి ఉంటే పుస్తకంలో ఉండేది షాపు పేరే. లెనార్డ్ రాడ్లు న్యూయార్క్‌లోని విలియం మిల్స్ అండ్ సన్ షాపు ద్వారా అమ్ముడయ్యేవి, అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ అనే షాపు వేరేవాళ్లతో చేయించుకుని తన పేరేసుకుని అమ్మేది. అలా వెళ్లినవాటి జాడ షాపు గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఒక్కడే కూర్చుని, ఆర్డరు మీద, కొనేవాడితో ఉత్తరాలు నడిపి చేసిన రాడ్లకే పేరు దొరికే వీలెక్కువ.

అందుకే కంపెనీకో ఆ తయారీదారు మీద పరిశోధన చేసిన వాళ్లకో రాసేటప్పుడు "ఇది ఎవరిది?" అని అడక్కండి. సీరియల్ నంబరు, పొడవు, ముక్కలెన్ని, టిప్‌లు (సన్నటి పైకొస ముక్కలు) ఎన్ని, పట్టుదారపు చుట్ల రంగు, రాతల ఫొటో, అన్నీ పంపి "ఈ నంబరు మీ రికార్డులో ఉందా, ఉంటే ఎవరికి పంపినట్టు ఉంది, ఏ తేదీన?" అని అడగండి. వెర్మాంట్‌లోని మాంచెస్టర్‌లో ఉన్న అమెరికన్ మ్యూజియం ఆఫ్ ఫ్లై ఫిషింగ్, న్యూయార్క్ రాష్ట్రంలో లివింగ్‌స్టన్ మేనర్ దగ్గరున్న క్యాట్‌స్కిల్ ఫ్లై ఫిషింగ్ సెంటర్, ఈ రెండు చోట్లా అడగడం తప్పనిసరి. జవాబు ఆలస్యంగా వస్తుంది, టెన్షన్ పడొద్దు.

అమ్మినవాడి నుంచి వెనక్కి

ఇది చాలామంది పట్టించుకోరు గానీ నా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చే దారి ఇదే. రాడ్ కొన్న వారంలోనే అమ్మినవాడిని అడగండి, ఎక్కడ దొరికింది, ఏ ఊళ్లో, ఎవరి ఇంటి సామాను అమ్మకంలో, దాంతో పాటు ఇంకేం వచ్చాయి అని. ఆరు నెలలైతే అతనికీ గుర్తుండదు. ఒకే ఇంటి నుంచి వచ్చిన ఫ్లై బాక్సు (ఎరల డబ్బా) మీద పేరుండొచ్చు, చేపల బుట్ట మూత మీద పొడి అక్షరాలు ఉండొచ్చు, చేపల డైరీ కూడా ఉండొచ్చు. ఇంటి పేరు చెప్పడం అమ్మినవాడికి ఇష్టం లేకపోతే కనీసం కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరైనా చెప్పమనండి. వీలునామాలు, ఆస్తి జాబితాలు అమెరికాలో ఎక్కువగా కౌంటీ కోర్టుల్లో ఉంటాయి, కొన్ని జాబితాల్లో "ఫిషింగ్ సామాను" అన్న పద్దు కూడా కనబడుతుంది.

కాగితాల్లో మనిషి

ఇప్పుడు పేరు, ఊరు, సుమారు కాలం చేతిలో ఉన్నాయనుకుందాం. అమెరికాలో జనాభా లెక్కల వివరాలు 72 ఏళ్లకు బయటపెడతారు, 1950వి 2022లో వచ్చాయి. 1890వి మాత్రం 1921 నాటి అగ్నిప్రమాదం దెబ్బకు దాదాపు లేనట్టే. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. దానికి ఊరి డైరెక్టరీలు తోడు చేసుకోండి, వాటిలో ఉద్యోగం, వీధి, కొన్నిటిలో భార్య పేరు కూడా ఉంటాయి. రాడ్ ఖరీదైనదై ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరు డాక్టరు, ఇంకొకరు మిల్లు కూలీ అయితే ముందు ఎవరిని చూడాలో వేరే చెప్పక్కర్లేదు, కానీ రెండోవాణ్ణి కొట్టేయకండి, ఫిషింగ్ పిచ్చి జీతం చూసి రాదు.

1942లో నలభై అయిదు నుంచి అరవై నాలుగేళ్ల మగవాళ్లందరి చేతా అమెరికా నింపించిన డ్రాఫ్ట్ కార్డు, అంటే యుద్ధకాలపు నమోదు కార్డు, ఒకటుంది, ఖరీదైన రాడ్లు కొనే వయసు సరిగ్గా అదే. అందులో పుట్టిన తేదీ, ఉద్యోగం ఇచ్చినవారి పేరుతో పాటు "మీ అడ్రసు ఎప్పుడూ తెలిసి ఉండే మనిషి" పేరు కూడా అడిగారు. వారసుల దాకా వెళ్లడానికి ఆ ఒక్క గడి చాలు. ఆడవాళ్ల విషయంలో "మిసెస్" పక్కన భర్త పేరే ఉండే కాలమది, రాడ్ మీద అలా ఉంటే ముందు భర్తను వెతికి అక్కడినుంచి ఆవిడ సొంత పేరుకు రావాలి.

ఇంగ్లండ్ అయితే 1921 జనాభా లెక్కలు, 1939 రిజిస్టర్ (యుద్ధం మొదట్లో రాసిన జనాభా పట్టిక), 1858 నుంచీ ఉన్న వీలునామాల సూచిక, ఈ మూడూ చాలు. 1931వి 1942లో తగలబడిపోయాయి, వాటికోసం వెతక్కండి. పాత పత్రికలకు అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికా వెబ్‌సైట్ ఉచితం, పేరుతో పాటు "ట్రౌట్" (ఒక రకం చేప) అని కలిపి కొట్టి చూడండి, ఊరి పత్రికలు ఎవరు ఎంత చేప పట్టారో కూడా రాసేవి. 1906లో మొదలైన న్యూయార్క్ ఆంగ్లర్స్ క్లబ్, 1884 నాటి లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్ లాంటివాటి పాత సభ్యుల జాబితాలు దొరికితే వదలకండి.

ఒక్క ఆధారంతో "ఫలానా వారి రాడ్" అని చెప్పేయడం సరికాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు కలవాలి, అంటే రాడ్ మీద పేరు, దానికి వేరుగా షాపు బిల్లో పాత ఫొటోనో కుటుంబం మాటో. అంతవరకూ "కావచ్చు" అనే రాయండి, అమ్మేటప్పుడు మరీను. పేరున్న మనిషిదని చెప్పి రేటు పెంచడం ఈ రంగంలో కొత్త కాదు.

కుటుంబానికి రాసేటప్పుడు

చనిపోయినవాళ్ల సంతాప ప్రకటనలో పిల్లల పేర్లు ఉంటాయి, అక్కడినుంచి మనవల దాకా రావొచ్చు. ఫోన్ చేసి కంగారు పెట్టేకన్నా ఉత్తరం నయం. మీరెవరో, రాడ్ ఎలా వచ్చిందో, ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో నాలుగు వాక్యాల్లో రాయండి, రాత కనబడే ఫొటో ఒకటి పెట్టండి, ధర ఊసెత్తకండి. మీ తాతగారి రాడ్ అవునా అని అడిగితే మర్యాదకైనా అవుననేస్తారు, కాబట్టి "ఆయన చేపలు పట్టేవారా, ఎక్కడికి వెళ్లేవారు, సామాను ఏమైంది?" అని అడిగి వాళ్లనే చెప్పనివ్వండి. అది దొంగలెత్తుకుపోయిన రాడ్ అని బయటపడితే వాదనకు దిగొద్దు, అమ్మినవాడి వివరాలు, రసీదు దగ్గర పెట్టుకుని ముందు లాయరునో పోలీసులనో అడగండి. జవాబు రాకపోతే కొన్నాళ్లాగి ఇంకొక్క ఉత్తరం రాయొచ్చు, మూడోది మాత్రం వద్దు.

తెలిసిందంతా ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాయండి, ఏది ఖాయమో ఏది ఊహో విడివిడిగా, ఎక్కడ చూశారో తేదీలతో సహా. దాన్ని గుడ్డ సంచిలో పెట్టండి, గొట్టంలో కాదు, గొట్టం ఎలాగూ మారిపోతుంది. ఫొటోలు వేరే చోట ఇంకో కాపీ దాచండి. రాడ్ మీద మీ పేరు మాత్రం రాయకండి.